వేంకటపతిరాయలు – పులికాటు రేవు

లేపాక్షి వీరభద్రాలయమును దర్శించి వచ్చినవారు సాధారణముగా వేలాడు స్తంభమును గూర్చియు, ఏకశిలానందిని గూర్చియు, నాగలింగమును గూర్చియు చెప్పుచుందురు. మంటపముల పైకప్పులపై చిత్రింపబడిన స్త్రీపురుషులు ధరించిన వస్త్రములను గూర్చి చెప్పువారు అరుదు. ఆ చీరల అంచులను, ఉత్తరీయములపై గల గళ్లను, చారలను, లతలను తలయెత్తి కొంతసేపు చూచినవారికి ఆనాటి నేతయు అద్దకమును ఎట్టి ఉన్నతి నందియుండెనో తెలియగలదు. లతామంటపపు స్తంభములపై చెక్కిన నమూనాలను నేతపనివారు నేటికిని చీరల అంచులకు తీసికొనుచున్నారు. అచ్యుతదేవరాయల (1529–1542) కాలమున పెనుకొండ సీమలో రాజోద్యోగియైన విరుపణ్ణయు, ఆతని సోదరుడు వీరణ్ణయు ఈ ఆలయమును కట్టించిరి. ఇంచుమించు ఎనుబది ఏండ్ల పిమ్మట, ఇట్టి వస్త్రముల కొరకే ఓడలెక్కి వచ్చిన ఐరోపా వర్తకులకు, పెనుకొండలో పట్టము గట్టుకొన్న రాజొకడు తన రేవులలో నొకదానిని తెరచి ఇచ్చెను. ఆ రాజు అరవీటి వేంకటపతిదేవరాయలు. ఆ రేవు పులికాటు.

శ్రీకృష్ణదేవరాయల పేరెరుగని తెలుగువాడు లేడు. తళ్ళికోట యుద్ధానంతరము కూలిన సామ్రాజ్యమును ఇరువదెనిమిది సంవత్సరములు భుజములపై మోసిన వేంకటపతిరాయలను మాత్రము మనము తగినంతగా తలచుట లేదు. తిరుమల శ్రీవారి ఆలయమున ఆయన రాగి విగ్రహము కృష్ణదేవరాయల విగ్రహమునకు దూరముగా లేదు. ప్రతిదినమును వేలాది భక్తులు దాని ప్రక్కగా నడచి పోవుచుందురు. ఆయన జీవితమును నేడు మేము స్మరించుటకు వీరపూజ ఒక్కటియే కారణము కాదు. రేవునకును దాని వెనుకనున్న నాటికిని గల సంబంధమును ఆయన చరిత్ర బోధించినంత స్పష్టముగా మన దేశచరిత్రలో మరియొకటి బోధింపదని మా విశ్వాసము.

1565 జనవరి 23వ తేదీన రక్కసి తంగడి యుద్ధమున అళియ రామరాయలు హతుడయ్యెను. ఆయన తమ్ముడు తిరుమలరాయలు, పేరునకు చక్రవర్తియైన సదాశివరాయలను, చేతికందిన ధనమును వెంటగొని పెనుకొండను చేరెను. పెనుకొండ క్రొత్తగా వెదకికొన్న ఆశ్రయము కాదు. బుక్కరాయలు తన కుమారుని ఆ సీమకు అధిపతిని చేసి నిలిపిన నాటినుండియు అది సామ్రాజ్యమునకు మూలబలమై యుండెను. సంస్కృత కవులు దానిని ఘనగిరి యనిరి. నిట్టనిలువుగా లేచిన కొండ, దాని పాదమున చెరువులు, చుట్టును మెట్టపొలములు, ఆవల అడవులు: శత్రువునకు దుర్గమమును, కాపున్నవారికి జీవనాధారమును అగు స్థలమది. తిరుమలరాయలు అచ్చటనే పట్టము గట్టుకొని, రాజ్యమును ముగ్గురు కుమారులకు అప్పగించెను. తెలుగు సీమను పెనుకొండనుండి శ్రీరంగరాయలును, కన్నడ సీమను శ్రీరంగపట్టణమునుండి రామరాయలును, అరవ సీమను చంద్రగిరినుండి కడగొట్టువాడగు వేంకటపతియు పాలింపవలెనని ఏర్పాటు.

ఇచ్చట సముద్రపు సంగతి కొంత చెప్పవలసియున్నది. విజయనగర సైన్యమునకు అశ్వమే ప్రాణము. అశ్వము అరేబియా, పారసీక దేశములనుండి ఓడలపై రావలెను. 1510లో గోవాను పట్టుకొన్న పోర్చుగీసువారు ఆ వ్యాపారమును తమ గుప్పిట నుంచుకొనిరి. 1547లో రామరాయలు వారితో చేసికొన్న ఒడంబడిక ప్రకారము గుఱ్ఱములన్నియు విజయనగరమునకే రావలెను. ఈ దేశపు సురేకారమును, ఇనుమును, బట్టలును తమ రేవులకు దిగి పోర్చుగీసువారికి చేరవలెను. అనగా రేవు కత్తి నిచ్చెను, నాడు దానికి మందును, ఇనుమును, ధనమును ఇచ్చెను. గోవా ద్వీపమాత్రముగా నుండినన్నాళ్లు పోర్చుగీసువారికి అన్నము కొరకు సయితము పరుల మొగము చూడవలసి వచ్చెను. అందుచేతనే వారు ఎదుటి గట్టుననున్న బార్దేశ్, సష్టి ప్రాంతములను బిజాపురము వారినుండి 1543లో సంపాదించి స్థిరపరచుకొనిరి. తళ్ళికోట తరువాత విజయనగర నగరము పాడుపడగా, గుఱ్ఱములను కొనువారు లేక గోవా సుంకపు రాబడి పడిపోయెనని నాటి పోర్చుగీసు చరిత్రకారులే వ్రాసికొనిరి. వెనుకనున్న నాడు చెడిన పిదప ఎట్టి రేవైనను ఎండిపోవునని దీనివలన తేలుచున్నది.

శ్రీరంగరాయలు సంతానము లేక మరణించెను. నడిమి అన్నయగు రామరాయలు అంతకుముందే గతించెను. ఆయన కుమారులు పిన్నలు. రాజ్యమునకు పిల్లవాడు కాక పెద్దవాడు కావలెనని సామంతులు తలచుటచేత 1586లో వేంకటపతికి పెనుకొండలో పట్టాభిషేకము జరిగెను. ఆయనకు సంక్రమించినది సింహాసనము కాదు, చిక్కుముడి. కొండవీడు, ఉదయగిరి ప్రాంతములు గోల్కొండ వశమైయుండెను. పడమట బిజాపురము కాచుకొని యుండెను. లోపలి నాయకులు ఎవరికి వారు స్వతంత్రించుటకు సమయము వేచియుండిరి.

1589 ప్రాంతమున గోల్కొండ సుల్తాను మహమ్మదు కులీ కుతుబ్‌షా పెనుకొండను ముట్టడించెను. వేంకటపతిరాయలు సంధికి రాయబారము నంపెను. సుల్తాను దానిని నమ్మి సేనను కొంత వెనుకకు తీసెను. ఆ దొరికిన మూడు దినములలో రాయలు కోటలోనికి ధాన్యమును, మందుగుండును, భటులను చేర్చుకొని తలుపులు మూయించెనని గోల్కొండ చరిత్రకారులే వ్రాసిరి. జగదేవరాయలు మొదలగు సేనానులు వేలకొలది తుపాకిబంట్లతో వచ్చి చేరిరి. ముట్టడి సాగలేదు. వానకాలము సమీపించెను, కృష్ణ పొంగినచో తిరుగుదారి మూసికొనునని భయపడి సుల్తాను మరలిపోయెను. ఈ విజయమునకు ప్రతిఫలముగా జగదేవరాయలు చెన్నపట్టణ, బారామహల్ సీమలను పొందెను. పెనుకొండను ఆనాడు కాచినది రాళ్లకోట మాత్రమే కాదు. మూడు దినములలో ధాన్యమును సమకూర్పగలిగిన చుట్టుపట్ల పల్లెలును. కోటకు బలము నాడేయని ఆ రాజు నేల మీద చక్కగా గ్రహించెను. నీటి మీద గ్రహింపకపోయెననునదియే మన విచారము.

పిదప ఆయన ఉత్తరమున పోయిన సీమలలో కొన్నిటిని మరల గెలిచెను. కోలారు, నంద్యాల నాయకుల తిరుగుబాటుల నణచెను. 1592 ప్రాంతమున రాజధానిని చంద్రగిరికి మార్చెను. 1604 ప్రాంతమున వేలూరి లింగమనాయకుని ఓడించి ఆ దుర్గమును స్వాధీనము చేసికొని, తరువాత అందు నివసించెను. దీనిని కొందరు పరాజితుని వెనుకంజగా భావింతురు. మేమట్లు తలపము. ఉత్తరపు సరిహద్దు ఒరసికొని పోవుచుండ, రాబడి యంతయు దక్షిణమున, తూర్పున ఉండెను. రాజు తన బొక్కసము వైపునకు జరిగెను. బొక్కసము సముద్రము వైపున నుండెను.

ఆయన కొలువు విద్యలకు నెలవు. గురువులగు తాతాచార్యులవారు వైష్ణవులలో అగ్రగణ్యులు. అయినను అద్వైతియు శివభక్తుడును అగు అప్పయ్యదీక్షితుల నాదరించుటకు రాయలకు అది అడ్డు కాలేదు. కువలయానందము వేంకటపతి ప్రేరణచే వెలసిన గ్రంథమే. 1598లో మైలాపురపు శాంతోమునుండి జెస్యూటు మతబోధకులు చంద్రగిరికి రాగా వారిని గౌరవించి ఆలయనిర్మాణమునకు అనుమతి నిచ్చెను. వారిలోని చిత్రకారుల పనిని చూచి ఆనందించెను. ఆయన బంగారు నాణెములపై శ్రీవేంకటేశ్వరునికి నమస్కారము నాగరలిపిలో ముద్రితమై యున్నది. ఆ దేవుని రూపుగల వరహాలను తరువాతి కాలమున ఇంగ్లీషు కంపెనీవారు సయితము చెన్నపట్టణపు టంకశాలలో ముద్రించిరి. కోమటి అంగడిలో చెల్లుబడి కావలెనన్నచో మన దేవుని రూపే కావలసివచ్చెను. వచ్చినవారికి ఈ దేశము లేనిదే గడవదనుటకు ఇంతకన్న నిదర్శన మేమి కావలెను?

ఇక పులికాటు మాట. ప్రళయకావేరి యను ఉప్పుకయ్య ముఖద్వారమున నున్న ఈ పట్టణము విజయనగరపు తూర్పు వాకిలి. దీని వెనుకనున్న నాటిలో నేతపల్లెలు దట్టముగా నుండెను. నేతగాండ్రకు వర్తకుడు ముందుగా సొమ్మిచ్చి నూలు కొనిపించును. వారు నేసిన గుడ్డను అద్దకమువారు చిరివేరుతో ఎఱ్ఱరంగు వేసి, కలముతోనో అచ్చుతోనో పూవులు దిద్దుదురు. చాకలి ఉతికి మెరుగు పెట్టును. మూటలు ఎద్దులపై రేవునకు దిగును. జావా, మలక్కా, సుగంధద్వీపముల ప్రజలు మిరియమునకు, జాజికాయకు, లవంగమునకు మారుగా వెండికన్న ఈ గుడ్డలనే ఎక్కువగా కోరుచుండిరి. మలయా భాషలో గళ్ల లుంగీకి నేటికిని పులికాటు పేరే నిలిచి యున్నది. అనగా ద్వీపాంతరముల సుగంధద్రవ్యములకు తాళపుచెవి మన నేతపల్లెలలో నుండెను.

1602లో స్థాపితమైన డచ్చి కంపెనీవారు ఈ రహస్యమును శీఘ్రముగా గ్రహించిరి. 1605లో గోల్కొండ రాజ్యములోని మచిలీపట్టణమునను, 1608లో జింజినాయకుని సీమలోని దేవనాంపట్టణమునను వారు దిగిరి. అయినను వారి దృష్టి పులికాటు పైననే. 1610లో వేంకటపతిరాయలు అచ్చట వ్యాపారము చేసికొనుటకు వారికి అనుమతి నొసగెను. ఇతర ఐరోపీయులకు అచ్చట చోటు లేకుండునట్లు కూడ వారు సంపాదించుకొనిరి. మరుసటి సంవత్సరమే గ్లోబు అను ఇంగ్లీషు ఓడ పులికాటునకు రాగా, డచ్చివారు ఈ హక్కును చూపి త్రిప్పి పంపిరి. ఆ ఓడ నిజాంపట్టణమునకు, మచిలీపట్టణమునకు పోవలసివచ్చెను. రాజ్యము రాయలది, రేవు రాయలది. ఎవరు రావలెనో ఎవరు రాకూడదో చెప్పువారు మాత్రము పరులైరి.

రాయలు ఏల ఇట్లు చేసెను? ఆయన పక్షమున చెప్పదగినది చాల కలదు. శాంతోములోని పోర్చుగీసువారు గర్విష్ఠులై స్థానికాధికారులతో తగవులాడుచుండిరి. వారికొక పోటీదారుని తెచ్చి నిలిపినచో సుంకము పెరుగును, గర్వము తగ్గునని తలచుట రాజనీతికి విరుద్ధము కాదు. పులికాటు రాబడి రాణిగారి అధీనమున నుండెను. అంతఃపురమునకు క్రొత్త వర్తకుల కానుకలు ప్రియమే. ఇవియుగాక ఆ 1610వ సంవత్సరముననే శ్రీరంగపట్టణము మైసూరు రాజ ఒడయరు వశమయ్యెను. రాయలు అన్నకుమారునితో పడక, దానిని నిలుపుటకు పోలేదు. రెండేండ్లకు ఒడయరు హక్కును తానే అంగీకరించెను. పడమటి సీమ చేజారిన ఏటనే తూర్పు వాకిలి తెరువబడెను. వృద్ధుడైన ప్రభువునకు తక్షణము కావలసినది ధనము. వర్తకుడు దానిని ఇచ్చెదననెను.

1612లో శాంతోము పోర్చుగీసువారు పులికాటుపై పడి డచ్చివారి వర్తకశాలను ధ్వంసము చేసిరి. తన రేవులో తన అనుమతితో నున్నవారిని కాచుట రాజు విధి. రాయలకు నావికాబలము లేదు. రాణిగారి పక్షమున కోట కట్టుట ఆరంభమయ్యెను గాని, దానిని పూర్తిచేసినవారు డచ్చివారే. 1613లో వెమ్మర్ వాన్ బెర్కెమ్ అను వారి అధికారి ఆ కోటకు తన జన్మదేశమగు గెల్డర్లండు పేర గెల్డ్రియా అని పేరు పెట్టెను. రాజు చేయవలసిన రక్షణను వర్తకుడు చేసికొనిన దినముననే వర్తకుడు సగము రాజయ్యెను. తరువాతి కాలమున ఆ కోట గోడల మధ్య తుపాకిమందు తయారై, ద్వీపములలోని డచ్చి స్థానములకు ఓడలపై పోయెను. క్షామసంవత్సరములలో అన్నము లేక రేవు చేరిన మన జనమును అదే రేవునుండి బానిసలుగా బటేవియాకు ఎగుమతి చేసిరి. గుడ్డ పోయిన దారినే మనిషియు పోయెను.

వేంకటపతిరాయలు దేశద్రోహి యని మేము చెప్పము. అట్లు తలచుట మహాపాపము. ఆయన దోషము వేరు. భూమిపై ఒక్క బురుజును శత్రువునకు విడువనివాడు, నీటి యొడ్డున కోటను పరునకు విడిచెను. దానిని కోటగా కాక సుంకపుచావడిగా చూచెను. ఇందుకు పోలిక కొరకు దూరము పోనక్కరలేదు. ఆయన శత్రువగు గోల్కొండ సుల్తాను అదే డచ్చివారికి మచిలీపట్టణమున వర్తకశాల నిచ్చెను గాని కోట నీయలేదు. అచ్చట సుల్తాను అధికారి యుండెను. గోల్కొండకు స్వంత ఓడలును ఎఱ్ఱసముద్రము వఱకు పోవుచుండెను. అతిథిని పందిరిలో కూర్చుండబెట్టుటకును, ఇంటి తాళము చేతికిచ్చుటకును గల భేదమిది.

1614 అక్టోబరులో రాయలు వేలూరున కాలధర్మము నందెను. అన్నకుమారుడగు శ్రీరంగునికి రాజ్యము నిచ్చి పోయెను. రాణి సోదరుడు గొబ్బూరి జగ్గరాయలు వేరొక బాలుని పక్షము వహించి, శ్రీరంగుని సకుటుంబముగా చంపించెను. వెలుగోటి యాచమనాయకుడు రామదేవుడను బాలుని రహస్యముగా బయటికి చేర్చి, అతని పక్షమున పోరాడెను. తోపూరు యుద్ధమున జగ్గరాయలు హతుడయ్యెను గాని, సామ్రాజ్యము మరల తలయెత్తలేదు. ఈ కల్లోలములో ఎవరి సీమ ఎవరికి పోయినను గెల్డ్రియా కోట మాత్రము చలింపలేదు. 1640 దశాబ్దమున వెనుకనున్న నాడంతయు గోల్కొండ వశమయ్యెను. డచ్చివారు క్రొత్త ప్రభువునకు సలాము చేసి పూర్వమువలెనే వ్యాపారము సాగించుకొనిరి. ఆ కోట 1825 వఱకు, చివరి కాలమున కొన్ని అంతరములతో, వారి చేతిలోనే యుండి, ఆ పిదప ఇంగ్లీషువారికి అప్పగింపబడెను.

ఒక తలుపు తెరచినచోట రెండవది తెరచుట కష్టము కాదు. పులికాటునుండి త్రోయబడిన ఇంగ్లీషువారు 1639లో దామర్ల వేంకటాద్రినాయకుని వలన దానికి కొంత దక్షిణమున ఇసుకదిబ్బయొకటి సంపాదించి కోట కట్టుకొనిరి. అదే చెన్నపట్టణము. నూటయిరువది ఏండ్లకు పైగా వారికి ఆ కోటయు, చుట్టును కొన్ని పల్లెలును మాత్రమే ఆధారము. 1763లో ఆర్కాటు నవాబునుండి చెంగల్పట్టు సీమను జాగీరుగా పొందిన తరువాతనే వారికి సైన్యమునకు బియ్యము, ఎడ్లు, కూలీలు, శిస్తు స్వంతమయ్యెను. ఆ సీమ విలువ యేమో 1780లో హైదరాలీ వారికి తెలిపెను. ఆయన కోటను పట్టుకొనలేదు. కోట వెనుకనున్న నాటిని తగులబెట్టెను. పొల్లిలూరున బెయిలీ సేన నశించెను. సముద్రమంతయు తమదైనను, లోపలి నాడు బూడిదయైనందున చెన్నపట్టణపు దొరలు ధాన్యము కొరకు ఓడల త్రోవ చూడవలసివచ్చెను.

ఈ కథకు చివరి ఘట్టము మన సీమలోనే జరిగెను. 1800లో నిజాము తన దత్తమండలములను ఇంగ్లీషు కంపెనీకి వదలుకొనెను. అందు పెనుకొండ కలదు, లేపాక్షి కలదు. పెనుకొండలో పట్టాభిషిక్తుడైన రాజు సముద్రపుటొడ్డున పరునికి చోటిచ్చిన 190 సంవత్సరములకు, ఆ ఒడ్డుననే కాలూనిన మరియొక పరుడు పెనుకొండ శిస్తును వసూలు చేసికొనుటకు వచ్చెను. రేవు నాటిని మ్రింగెను. మన ప్రత్తి, మన శిస్తు చెన్నపట్టణమునకు దిగి ఓడలెక్కెను. సీమగుడ్డ అదే దారిని పైకి వచ్చి మన మగ్గములను మూలకు నెట్టెను. 1947 వఱకు జరిగిన దానిని పాఠకులకు మేము చెప్పనక్కరలేదు.

నేడు పులికాటులో డచ్చివారి గోరీలును, కోట జాడలును, చేపల పడవలును కలవు. దానికి దక్షిణమున కొలది దూరములోనే ఎన్నూరు, కాట్టుపల్లి రేవులు ఏర్పడి భారీ ఓడలు వచ్చి పోవుచున్నవి. ఇటు పెనుకొండ కోటకు యర్రమంచి గవిని యని యొక పురాతన ద్వారము కలదు. ఆ యర్రమంచి గ్రామముననే 2019 నుండి ఒక విదేశీ కార్ల కర్మాగారము పనిచేయుచున్నది. అందు తయారైన బండ్లు సముద్రము దాటి అమ్ముడుపోవుచున్నవి. ధర్మవరపు పట్టుచీరయు, హిందూపురపు చింతపండును బజారున ధర పలుకుట దూరపు రేవుల మీదను, దూరపు ఒప్పందముల మీదను కొంత ఆధారపడియే యున్నది. లేపాక్షి ఆలయము 2022లో ప్రపంచ వారసత్వ స్థలముల తాత్కాలిక జాబితాకు ఎక్కెను. ఆ పైకప్పు చిత్రములను చూచుటకు లోకము మరల మన వాకిటికి వచ్చుచున్నది.

వచ్చువారిని వలదనుట మా మతము కాదు. వేంకటపతిరాయలు తలుపు తెరచుట తప్పు కాదు. వ్యాపారము లేనిదే ఆయన సేన నిలువదు, మన సీమ బ్రతుకదు. తలుపు తెరచునపుడు సుంక మెవరిదో, కాపలా యెవరిదో, మూయు హక్కు ఎవరిదో వ్రాసికొనకపోవుట తప్పు. సముద్రము మన ఊరికి నూరామడ దూరమున నున్నదని, రేవు సంగతి మనకేలయని మెట్టసీమ రైతులును, పట్టణ వర్తకులును ఊరకుండరాదు. పులికాటు సుంకపుచావడిలో జరిగిన పొరపాటునకు వడ్డీ పెనుకొండ కరణము లెక్కలలో చెల్లినది. ఆ లెక్క మరల వ్రాయింపకుండుట మన చేతిలో నున్నది.